పదహారు కోర్ల పెట్టె మీద నా టోకెన్ నంబర్

రెండు ప్రాసెసర్ల పేర్లు పక్కపక్కన పెట్టి, కింద రెండు అంకెలు వేసి, పెద్ద అంకె ఉన్నదే మంచిదని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేడిపల్లిలో మా వీధి పిల్లలు ఘట్‌కేసర్ కాలేజీల్లో ఇంజనీరింగ్ చదువుతున్నారు. పెద్ద కంపెనీలు తీసేసిన పాత సర్వర్లు చవగ్గా దొరుకుతున్నాయని కొనడానికి బయలుదేరి, దారిలో మా గేటు దగ్గర ఆగి ఫోన్ చూపిస్తారు.

"తాతా, ఈ రెండిట్ల ఏది బెస్ట్?"

"ఏం పనికిరా?"

"పనికి అని కాదు తాతా. ఓవరాల్‌గా."

ఓవరాల్‌గా! ఆ మాట చెవిన పడితే చాలు, నేను గేటు వేసుకుని లోపలికి వచ్చేస్తాను. ముసలాయనకు కొత్త సంగతులు తెలియక మొహం చాటేస్తున్నాడని వాళ్లు అనుకుంటున్నారట. బాబూ, తెలియక కాదు. ఆ ఓవరాల్ అనే మాట కింద నేను ఒకసారి సంతకం పెట్టాను. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడబోయింది. గేటు దగ్గర రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివే ఓపిక ఉంటే చదవండి.

నాకు డిగ్రీ లేదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, జనగామ వైపు నుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ పనిలో చేరినవాణ్ణి. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, కోఠి ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్మే ఇంగ్లీషు పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం ఖర్చుపెట్టి చదివాను. చెడిపోయిన బోర్డులు అడుక్కొచ్చి విప్పి చూశాను. నన్ను కూర్చోబెట్టి నేర్పినవాడు ఒక్కడూ లేడు. అడిగితే "నీకెందుకు, వైండింగ్ చూసుకో" అన్నవాళ్లే అందరూ.

నేను చివరగా పనిచేసింది ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు తయారుచేసే కంపెనీలో. అచ్చును అక్కడ మౌల్డ్ అంటారు. కింద ఇనుము కోసే టూల్ రూం, పైన బొమ్మలు గీసే డిజైన్ రూం. కింద మోటార్లూ పైన కంప్యూటర్లూ రెండూ నా మీదే ఉండేవి. కంపెనీలో ప్రతి మనిషికీ ఒక టోకెన్ నంబర్ ఉండేది, నాది నలభై ఒకటి.

మా ఓనర్ లేత్ మిషన్ మీద కూలి చేసి పైకొచ్చిన మనిషి. ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఒకటి, కొత్త మిషన్ ఏది వచ్చినా కొబ్బరికాయ కొట్టిన వెంటనే పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన మిషన్‌కు ఆనించి, పిడి తన చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినేవాడు. బేరింగ్ అరిగితే, షాఫ్ట్ వంగితే ఆ చప్పుడులోనే చెప్పేసేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు. రెండోది, ఎవడైనా జాబ్, అంటే చేతిలో తయారవుతున్న ముక్క, పాడుచేస్తే తిట్టడు, జీతం కోయడు. పాడైన ఆ ముక్క మీద వాడి టోకెన్ నంబర్ సుద్దతో రాయించి, వాడి మిషన్ పైనే ఇనప తీగకు వేలాడదీయించేవాడు. మళ్లీ ఆయుధపూజ వచ్చేదాకా అది అక్కడ ఊగుతూ ఉండాల్సిందే. తన చేతుల్లో పాడైన మొదటి ముక్కను తన గదిలో కుర్చీ వెనక వేలాడదీసుకున్నాడు. అందుకే ఆ కానూన్ అంటే అందరికీ గౌరవం ఉండేది, నాకూ ఉండేది.

పైన డిజైన్ రూంలో ఒక అమ్మాయి పనిచేసేది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన పిల్ల, పనిలో చాలా గట్టిది. భార్యాభర్తల జీతాలు కలిపి దమ్మాయిగూడలో ఇల్లు మొదలుపెట్టారు. స్లాబ్ పడింది కానీ గోడలు లేవలేదు. ఆమె కంప్యూటర్ సరిగ్గా ఒక పెద్ద ఆర్డర్ చేతికొచ్చిన నెలలోనే కాలిపోయింది.

కొత్తది కొనడం దండగ, పాతది చూద్దామన్నాడు మా పర్చేజ్ మేనేజర్. సరేనని ఉప్పల్‌లో మెట్రో లైన్ కింద ఉన్న సెకండ్‌హ్యాండ్ షాపుకు పోయాం. షాపువాడు రెండు పెట్టెలు చూపించాడు. రెండూ దాదాపు ఒకే కాలం నాటివి, ధర కూడా అటూ ఇటుగా ఒకటే.

ఒకటి సర్వర్ పెట్టె. అందులో రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి ఎనిమిది కోర్లు, మొత్తం పదహారు. కోర్ అంటే పనిచేసే మనిషి అనుకోండి. పదహారు మంది ఉన్నారు కానీ ఒక్కొక్కడిదీ నెమ్మది చెయ్యి. రెండోది వర్క్‌స్టేషన్. అందులో ప్రాసెసర్ ఒక్కటే, కోర్లు నాలుగే, కానీ ఒక్కొక్కడూ చురుకైనవాడు.

షాపువాడు తన దగ్గరున్న టెస్ట్ ప్రోగ్రాం రెండిటిలోనూ నడిపాడు. అది అన్ని కోర్లనూ ఒకేసారి పరుగెత్తించి, చివర్న ఒక మొత్తం అంకె చెబుతుంది. సర్వర్‌కు వచ్చిన అంకె వర్క్‌స్టేషన్ అంకెకు రెట్టింపు కన్నా ఎక్కువ. మేనేజర్ మొహం వెలిగిపోయింది. రెండు పెట్టెలనూ ఒకరోజు చూసి ఇస్తామని కంపెనీకి తెప్పించాడు.

ఓనర్ పైకొచ్చి, స్క్రూడ్రైవర్ తీశాడు. నవ్వకండి. సర్వర్ పెట్టెకు ఆనించి విన్నాడు. లోపల చిన్న చిన్న ఫ్యాన్లు డజనుదాకా ఉన్నాయి, గాలివానలాగా మోగుతున్నాయి. "ఇది కష్టపడుతుందయ్యా," అన్నాడు. తర్వాత వర్క్‌స్టేషన్‌కు ఆనించాడు. చప్పుడు లేదు. "ఇది పండుకున్నది," అన్నాడు.

నాకు అప్పుడు తెలుసా, ఆ చప్పుడు ఫ్యాన్లదే కానీ పనిది కాదని? తెలుసు. అన్నానా? అనలేదు. ఎందుకంటే అదే క్షణంలో మేనేజర్ ఒక షీట్ నా ముందు పెట్టాడు. రెండు ప్రాసెసర్ల పోలిక, ధర, అంకె, చివర్న "ఓవరాల్‌గా సర్వర్ మేలు" అనే మాట. కింద మూడు గళ్లు ఉన్నాయి: తయారు చేసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు.

"మామా, టెక్నికల్ మనిషివి నువ్వే కదా. నీ సంతకం ఒక్కటి చాలు," అన్నాడు మేనేజర్.

లెక్కల్లో తప్పిన నాకు, ఎంబీఏ చదివినవాడు పెన్ను తీసి ఇచ్చి టెక్నికల్ మనిషివి అన్నాడు. నా గుండె ఇంతెత్తున పొంగింది. మా డిజైనర్ ఏ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తుందో, ఆ ఫైలు ఒక్కటి ఆ రెండు పెట్టెల్లో తెరిచి చూడాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. మేనేజర్ వేలు పెట్టి చూపిన మొదటి గడిలో పెట్టాను సంతకం. తెలుగులో, పూర్తి పేరు, కింద గీత కూడా గీశాను.

సర్వర్ కొని ఆమె బల్ల మీద పెట్టారు. ఎండాకాలంలో ఆ అమ్మాయి ఒకసారి నా దగ్గరికి వచ్చి, ఆ పెట్టె నెమ్మదిగా ఉందని చెప్పింది. నేను నవ్వాను. "పదహారు కోర్ల మీద కూసొని స్లో అంటవేంది బిడ్డా, నీ ఫైలే బరువున్నది," అన్నాను. మెట్లెక్కి తన సీటుకు వెళ్లిపోయింది. ఆ నవ్వు గుర్తొస్తే నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాత మేనేజర్ పైన కెమెరా పెట్టించాడు. కెమెరాకు మనిషి వీపు, చేతులు కనిపిస్తాయి, స్క్రీన్ కనిపించదు. ఆయన తన గదిలో కూర్చుని చేతులు చూసేవాడు. చేతులు కదలకపోతే పని లేదని ఆయన లెక్క. వర్షాలు మొదలయ్యేసరికి ఆ అమ్మాయికి రెండు మెమోలు వచ్చాయి. "పని వేళల్లో ఖాళీగా కూర్చొనుట, గడువు దాటించుట" అని కారణం రాశారు. మా కంపెనీలో మూడో మెమో అంటే ఇంటికి పొమ్మనడమే. ఈ సంగతి నాకు టూల్ రూంలో ఎవరో చెబితే తెలిసింది. ఆమె చెప్పలేదు. నాతో చెప్పి ఏం లాభమని అనుకుని ఉంటుంది.

ఒక రోజు మధ్యాహ్నం అన్నం వేళకు పైకి వెళ్లాను. అందరూ కిందికి దిగారు, ఆమె ఒక్కతే సీట్లో ఉంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో అన్నం తింటోంది. ఎడమచేత్తో మౌస్ పట్టుకుని ఊరికే అటూ ఇటూ ఊపుతోంది. స్క్రీన్ మీద బాణం గుర్తు పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది.

"గట్లెందుకు ఊపుతున్నవ్ బిడ్డా?"

"కెమెరా సూస్తది మామా. చెయ్యి ఆగితే మెమో వస్తది."

"మరి స్క్రీన్ల ఏం నడుస్తుంది?"

"రీబిల్డ్ నడుస్తుంది. ఒక కొలత మారిస్తే బొమ్మ మొత్తం మొదటికెల్లి మళ్ల కట్టుకుంటది. గప్పటిదాక నేను జేసేదేం లేదు. నీకు జెప్పిన గదా ఎండకాలంల. యాదికున్నదా?"

యాదికి లేకేం! నేను పక్క కుర్చీ లాక్కుని, స్క్రీన్ మీద ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో చూపించే కిటికీ తెరిచాను. పదహారు గళ్లు వచ్చాయి. ఒక్క గడిలో గీత పైకప్పుకు తాకింది. మిగతా పదిహేను గళ్లలో గీతలు నేలకు అతుక్కుని ఉన్నాయి.

విషయం అంతా అక్కడే ఉంది. ఆ బొమ్మ కట్టే పని ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సింది. ముందు దిమ్మ, దానికి రంధ్రం, ఆ రంధ్రం అంచుకు గుండ్రం. మొదటిది అయితే కానీ రెండోది మొదలుకాదు. కాబట్టి ఒక్కడే చేయాలి. ఆ ఒక్కడిది నెమ్మది చెయ్యి. పదిహేను మంది కూర్చుని వాణ్ణి చూస్తున్నారు. వాళ్లకు మెమో లేదు. వాళ్లను కొనిపించినవాడికి మెమో లేదు. మెమో ఈ పిల్లకు!

కోపంతో నా చెవులు హోరెత్తాయి. అదే ఊపులో మేనేజర్ గదికి పోయి చెప్పాను. ఆయన కళ్లు కెమెరా తెర మీదనుంచి తీయలేదు.

"మామా, పదహారు కోర్లు. స్కోర్ డబుల్. షీట్ మీద సంతకం ఎవరిది? నీదే. ఇప్పుడు అమ్మాయి మీద జాలిపడి మెషీన్ మంచిది కాదంటే ఎలా? శనివారం మూడో లెటర్ ఇస్తున్నాం. ఓనర్ గారితో మాట్లాడేశాను."

ఆ రోజు బుధవారం. నేను స్కూటర్ తీసి నేరుగా ఉప్పల్ పోయాను. వద్దన్న వర్క్‌స్టేషన్ ఆ షాపులో పై అరలో దుమ్ముకొట్టుకుని ఇంకా ఉంది.

"గా పెట్టెను ఎవ్వలు కొంటలేరన్నా. మీ ఓనర్ లెక్కనే అందరు చెవి పెట్టి ఇంటున్నరో ఏమో," అన్నాడు నవ్వుతూ, పెట్టెలు దింపడానికి వచ్చి ఆ స్క్రూడ్రైవర్ తంతు చూసిన షాపువాడు.

"ఒక్క రెండు రోజులియ్యి. పనున్నది."

"ఊకెట్లిస్తనే? బండి ఈడ పెట్టి పో."

స్కూటర్ తాళాలు వాడి బల్ల మీద పెట్టి, పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, రింగు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, నాచారం చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. గురువారమంతా దాన్ని సిద్ధం చేశాను. సర్వర్‌లో ఎంత మెమరీ ఉందో ఇందులోనూ అంతే, అదే రకం డిస్కు, అదే గ్రాఫిక్స్ కార్డు. తేడా ఉంటే ప్రాసెసర్‌దే ఉండాలి. ఆ పని ముందే చేయాల్సినవాణ్ణి, సంతకం పెట్టిన ఇన్ని నెలలకు చేశాను.

శుక్రవారం పొద్దున ఓనర్‌ను పైకి రమ్మన్నాను. వెంట మేనేజర్ వచ్చాడు. ఆ అమ్మాయి గోడ పక్కన నిలబడింది. సాఫ్ట్‌వేర్ నడవాలంటే గుచ్చే డాంగిల్ ఒక్కటే ఉంది కాబట్టి రెండూ ఒకేసారి నడపలేం. ముందు సర్వర్ మీద, అప్పుడు చేతిలో ఉన్న మౌల్డ్ ఫైలులో ఒక కొలత మార్చి, రీబిల్డ్ కొట్టమని ఆ అమ్మాయికి చెప్పాను. గోడ గడియారం చూశాం. ఫ్యాన్లు మోగుతున్నాయి. నలుగురం నిలబడ్డాం. ఓనర్‌కు ఊరికే నిలబడటం చేతకాదు, అటూ ఇటూ తిరిగాడు. పన్నెండు నిమిషాలు పట్టింది.

డాంగిల్ తీసి వర్క్‌స్టేషన్‌కు గుచ్చాను. ఓనర్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఆనించాడు.

"ఏందయ్యా, బంద్ ఉన్నదాన్ని తెచ్చినవా?"

"నడుస్తనే ఉన్నది సార్. మొత్తుకుంట లేదంతే."

ఏడు నిమిషాలకు బొమ్మ పూర్తయింది. ఓనర్ గడియారం వంకా స్క్రూడ్రైవర్ వంకా చూశాడు.

మేనేజర్ భుజాలు ఎగరేశాడు. "ఐదు నిమిషాలు కదా తేడా. ఐదు నిమిషాలకు ఇంత సీనా?"

అప్పటిదాకా నోరు తెరవని ఆ అమ్మాయి మాట్లాడింది. "రోజుకు ఎన్నిసార్లు రీబిల్డ్ కొడ్తనో ఎన్నడన్న అడిగిన్రా సార్? ఇరువై సార్లు. ఐదిరువైలు వంద. రోజుకు వంద నిమిషాలు మీ పెట్టె తిన్నది. నేను తిన్ననని రాసిన్రు. ఎడమచేత్తోని మౌస్ ఊపుకుంట అన్నం తిన్న సార్ నేను, మీ కెమెరాకు సూపెట్టనీకి."

 

నేను అక్కడితో ఆపొచ్చు. కానీ ఇంకోసారి సగం పోలికతో సరిపెట్టుకోదలచుకోలేదు. మౌల్డ్‌లోకి కరిగిన ప్లాస్టిక్ ఎలా పారుతుందో లెక్కగట్టే ఇంకో ప్రోగ్రాం ఉంది మా దగ్గర. అది పనిని ముక్కలు చేసి అందరికీ పంచుతుంది. దాన్ని కూడా రెండిటి మీదా నడిపాను. సర్వర్ అరగంటలోపే ముగించింది. వర్క్‌స్టేషన్‌కు గంట దాటింది. అది మాకు మౌల్డ్‌కు ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే పని.

"అయితే ఏది మంచిదయ్యా? ఒక్కటి జెప్పు," అన్నాడు, రెండూ ముగిశాక మేనేజర్‌తో మళ్లీ పైకొచ్చిన ఓనర్.

"ఒక్కటి లేదు సార్. ఆమె పనికి ఇది, ఆ లెక్క పనికి అది. సర్వర్‌ది తప్పు లేదు. తెచ్చి ఆమె బల్ల మీద పెట్టినోళ్లది."

మేనేజర్ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. ఫైలులోంచి పోలిక షీట్ తీసి ఓనర్ ముందు పెట్టాడు. "పెట్టించింది ఈయనే సార్. సంతకం చూడండి. నాది లేదు, మీది లేదు."

నిజమే. మూడు గళ్లలో ఒక్కటే నిండి ఉంది. నా పేరు, కింద గీత. నీ సంతకం ఒక్కటి చాలు అన్న మాటకు అర్థం నాకు ఆ నిమిషంలో తెలిసింది. టెక్నికల్ మనిషివని పెన్ను ఇవ్వలేదు వాడు. రేపు ఏదైనా అయితే వేలెత్తి చూపించడానికి ఒక మనిషి కావాలని ఇచ్చాడు.

"నాదే సార్," అన్నాను. "జాబ్ ఖరాబ్ జేసింది నేను."

ఆ షీట్ తీసుకుని, జేబులో సుద్దముక్క ఉంటే దాంతో అడ్డంగా నలభై ఒకటి అని రాశాను. తెల్ల కాగితం మీద తెల్ల సుద్ద కనిపించలేదు. ఆ అమ్మాయి బల్ల మీది ఎర్ర మార్కర్ అందించింది. దానితో పెద్దగా రాసి, ఇనప తీగ ముక్కకు గుచ్చి, సర్వర్ పెట్టె పైన ట్యూబ్‌లైట్ కొక్కేనికి వేలాడదీశాను. ఫ్యాన్ల గాలికి అది గిరగిరా తిరిగింది.

"దించు," అన్నాడు ఓనర్. "కస్టమర్లు వస్తరు."

"ఖరాబ్ జేసినోని నంబర్ ఏలాడాలన్నది మీ కానూన్ సార్. చేతికి నూనె అంటినోనికేనా గా కానూన్? కాయిదాలు రాసేటోళ్లకు లేదా? నంబర్ నాదైతే మరి మెమోలు ఆమె ఫైల్ల ఎందుకున్నయ్?"

"ఇచ్చిన మెమో వాపస్ తీస్కుంటే రేపు అందరు అడుగుతరు."

"అడగనీ. తప్పు మెమోలు ఎన్నున్నయో గప్పుడు ఎరికైతది."

అంత మాట ఓనర్‌తో నేను అంతకుముందు అనలేదు, ఆ తర్వాత కూడా అనలేదు. ఆయన ఆ తిరుగుతున్న కాగితాన్ని చేత్తో పట్టి ఆపాడు. తన కుర్చీ వెనక వేలాడే ముక్క గుర్తొచ్చిందేమో నాకు తెలియదు. చివరికి మేనేజర్ వైపు తిరక్కుండానే అన్నాడు, "ఆమె కాయిదాలు తే."

మేనేజర్ రెండు మెమోలు తెచ్చి ఇచ్చాడు. ఓనర్ వాటిని ఆమె చేతిలో పెట్టాడు. తప్పయిందమ్మా అనలేదు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. ఆమె రెండు కాగితాలూ తిప్పి తిప్పి చూసి, "జిరాక్స్‌లు గూడ తెండి సార్," అంది మేనేజర్‌తో. తెచ్చాడు, తేక ఏం చేస్తాడు? మూడో లెటర్ టైపు చేసినవాళ్లు దాన్ని ఏం చేశారో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రానికి వర్క్‌స్టేషన్ కొన్నారు, నా స్కూటర్ విడిపించుకున్నాను. సర్వర్‌ను పక్క గదిలో ప్లాస్టిక్ పారే లెక్కలకు పెట్టాం. ఆ పనిలో అది ఏళ్ల తరబడి బ్రహ్మాండంగా నడిచింది. దమ్మాయిగూడ ఇంటికి గోడలు లేచాయి, గృహప్రవేశానికి నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది.

షీట్ మాత్రం అక్కడే వేలాడింది. ఆయుధపూజ రోజు టూల్ రూంలో అన్ని ముక్కలూ దించారు. దీన్ని దించమని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ దించలేదు. మిగతా రెండు గళ్లలో సంతకం పెట్టాల్సిన మేనేజర్, ఓనర్ రోజూ దాని కిందనుంచే నడిచేవాళ్లు. ఒకసారి పెన్ను తీసి మేనేజర్ ముందు పెట్టాను. "ఇంకా కోపమేనా మామా," అని నవ్వి వెళ్లిపోయాడు. నేను రిటైరైన రోజు ఆ అమ్మాయి తీగ కత్తిరించి, కాగితం మడిచి, శాలువాతో పాటు నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఈసారి మా వీధి పిల్లలు ఫోన్ పట్టుకుని వస్తే గేటు వేసుకోను. పిలిచి ఇది చూపిస్తాను. ఎర్ర అక్షరాల నలభై ఒకటి కాస్త వెలిసిపోయింది కానీ చదవొచ్చు. తయారు చేసినవారు అన్న గడిలో నా సంతకం ఉంది. పరిశీలించినవారు, ఆమోదించినవారు అన్న గళ్లు రెండూ ఖాళీ. కోపమా అంటే, ఆ రెండు గళ్లు నిండలేదు కదా, ఎలా పోతుంది?